ముందు ఇంజను మాట వినండి

కొత్త చెప్పులు కరుస్తాయి. కొత్త కోడెకు కాడి కట్టిన రోజే ఎవరూ మూడెకరాలు దున్నించరు. కొత్త కుండను నీళ్లలో నానబెట్టాకే పొయ్యి మీద పెడతారు. ఏ వస్తువునైనా వాడకంలోకి తెచ్చే పద్ధతి ఒకటుంటుందని మన ఊళ్లలో చదువురాని వాళ్లకు కూడా తెలుసు. ఇంజనుకూ అలాంటి పద్ధతే ఉంది. కొత్త ఇంజనును మెల్లగా పనికి అలవాటు చేయాలి. ఆ తర్వాత దానికి గాలీ ఇంధనమూ సరైన పాళ్లలో అందేటట్లు సరిచేయాలి. మొదటి పనిని మెకానిక్కులు రన్నింగ్ ఇన్ అంటారు. రెండో పని ట్యూనింగ్.

ఇంజను ఎలా పనిచేస్తుందని అడిగితే స్ట్రోకుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించే విద్యార్థులు మనలో చాలామంది ఉన్నారు. కాని నడుస్తున్న ఇంజను చప్పుడు విని, పొగ చూసి, దానికి ఇంధనం ఎక్కువైందో తక్కువైందో చెప్పగలవాళ్లు ఎంతమంది? బొమ్మ గీయడం చెడ్డదని కాదు, అది చాలదని నా అభిప్రాయం. రేడియోతో నడిచే బొమ్మ ట్రక్కులోని చిన్న నైట్రో ఇంజనును అలవాటు చేసి, సరిచేయడం పైకి ఆటలా కనిపిస్తుంది. నిజానికి అది పూర్తి వైజ్ఞానిక ప్రయోగం. హైస్కూలు పిల్లలందరూ ఒక్కసారైనా దాన్ని దగ్గరగా చూడాలి, కొలవాలి, రాసుకోవాలి. ఎందుకో వివరిస్తాను.

టీస్పూను కన్నా చిన్న సిలిండరు

రేడియో ట్రక్కుల్లో సాధారణంగా కనిపించే ఒక ఇంజనును "21" అని పిలుస్తారు. దాని సిలిండరు 0.21 ఘనపు అంగుళాలు. ఒక ఘనపు అంగుళం 16.39 ఘనపు సెంటీమీటర్లు. గుణించి చూడండి. 3.44 వస్తుంది, అంటే దాదాపు మూడున్నర. టీస్పూనులో పట్టే నీళ్లు 5 ఘనపు సెంటీమీటర్లు. ఈ సిలిండరు అంతకన్నా చిన్నది!

అయినా ఇది నిమిషానికి 30,000 చుట్లు తిరగగలదు. సెకనుకు 500 చుట్లు. రెండు స్ట్రోకుల ఇంజను కాబట్టి ప్రతి చుట్టుకూ ఒకసారి ఇంధనం మండుతుంది. పిస్టను పైకి సుమారు 16 మిల్లీమీటర్లు, కిందికి మరో 16 మిల్లీమీటర్లు కదులుతుంది. ఆ లెక్కన సెకనుకు 16 మీటర్ల దూరం నడుస్తుంది. ఆ 16 మీటర్లలోనే వెయ్యిసార్లు ఆగి వెనక్కు తిరుగుతుంది. ఇంత పరుగు పెట్టే లోహపు ముక్కను మొదటి రోజు ఎలా చూసుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు.

మోటారు సైకిలు ఇంజనులో ఇంధనాన్ని అంటించడానికి నిప్పురవ్వ కావాలి. ఇందులో నిప్పురవ్వ లేదు. దాని బదులు గ్లో ప్లగ్గు ఉంటుంది. ఆ ప్లగ్గు కొనలో ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటుంది. ఇంజను మొదలుపెట్టేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఆ తీగను ఎర్రగా కాలుస్తారు. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. అయినా తీగ ఎర్రగానే ఉంటుంది! మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయనిక చర్య వేడిని పుట్టిస్తుంది. ప్రతి దహనంలోని వేడి దానికి తోడవుతుంది. ప్లాటినం మాత్రం ఖర్చయిపోదు. ఇలా తాను ఖర్చుకాకుండా చర్యను జరిపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారని మీరు చదువుకున్నారు. మండే వాయువూ గాలీ కలిసిన మిశ్రమంలో ప్లాటినం తీగ మంట లేకుండానే ఎర్రగా వెలుగుతూ ఉండటాన్ని హంఫ్రీ డేవీ 1817లో కనిపెట్టాడు. అదే సూత్రం మీద పనిచేసే గ్లో ప్లగ్గును 1947లో రే ఆర్డెన్ అనే అమెరికను చిన్న ఇంజన్ల వాడకానికి తెచ్చాడు.

సీసాలో ఏముంది?

నైట్రో ఇంధనంలో ముఖ్యంగా మూడు ద్రవాలుంటాయి. ఎక్కువ పాలు మిథనాల్. రెండోది నైట్రోమీథేన్. ట్రక్కుల ఇంధనంలో ఇది మామూలుగా 10 నుంచి 30 శాతం ఉంటుంది. మూడోది కందెన నూనె.

నైట్రోమీథేన్ వల్ల లాభమేమిటి? దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. అందువల్ల మండటానికి బయటి గాలి తక్కువ చాలు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. మిథనాల్‌కు సుమారు 6.5 గ్రాములు చాలు. నైట్రోమీథేన్‌కు 1.7 గ్రాములే! సిలిండరులో పట్టే గాలి ఎంతో నిర్ణయమై ఉంది. కనుక అంతే గాలితో ఎక్కువ ఇంధనాన్ని మండించగలిగితే ఎక్కువ శక్తి వస్తుంది.

మూడోదైన కందెన నూనెలో మనకు బాగా తెలిసిన వస్తువు ఒకటుంది. అది ఆముదం. చాలా రకాల నైట్రో ఇంధనాల్లో ఇప్పటికీ కొంత ఆముదం కలుపుతారు. పెద్ద వేడిలో కూడా లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే గుణం దానికుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విమానాల రోటరీ ఇంజన్లకు పోసింది ఆముదమే. కాస్ట్రాల్ అనే నూనె పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే 1909లో పుట్టింది. పాత మహబూబ్‌నగర్, నల్గొండ, రంగారెడ్డి జిల్లాల ఎర్ర చెలక నేలల్లో ఆముదం పండించడం తరతరాల అలవాటు. ఆముదం మీద పరిశోధన చేసే భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ కూడా రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్‌లోనే ఉంది. వానకు ఎదురుచూసే చెలకలోని చెట్టుకూ, నిమిషానికి ముప్ఫైవేల చుట్లు తిరిగే ఇంజనుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఎంతమందికి తెలుసు?

ఇక్కడ ఒక హెచ్చరిక. మిథనాల్ విషం. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు. కల్తీసారా తాగి మనుషులు చనిపోయారని పత్రికల్లో చదివినప్పుడు చాలాసార్లు కారణం ఇదే. చర్మం గుండా కూడా ఇది శరీరంలోకి వెళుతుంది. దీని మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. కాబట్టి ఈ ఇంధనాన్ని విద్యార్థులు ముట్టుకోకూడదు. ఇంట్లో కలపడం అసలే కూడదు. తయారైన సీసానే కొనాలి. చేతి తొడుగులు వేసుకున్న పెద్దవాళ్లే ట్యాంకులో పోయాలి. పని ఆరుబయటే జరగాలి. విద్యార్థుల చేతిలో ఉండవలసినవి థర్మామీటరు, స్టాప్‌వాచీ, నోటుపుస్తకం. ప్రయోగంలో అసలు పని వాటిదే.

బిగుతు ఎందుకు పెట్టారు?

ఈ ఇంజను పిస్టను అల్యూమినియం మిశ్రమలోహంతో చేసింది. అది కదిలే గొట్టం ఇత్తడిది, లోపల క్రోమియం పూత ఉంటుంది. పెద్ద ఇంజన్లలోలాగా పిస్టనుకు రింగులుండవు. పిస్టనుకూ గొట్టానికీ ఉన్న పొందికే గాలి తప్పించుకోకుండా ఆపాలి.

గొట్టం పైభాగంలో కాస్త ఇరుకుగా ఉంటుంది. చల్లగా ఉన్న కొత్త ఇంజనును చేత్తో తిప్పితే పిస్టను పైకి వచ్చేసరికి గట్టిగా పట్టేస్తుంది. కొన్నవాళ్లు ఇది లోపమేమో అని భయపడతారు. లోపం కాదు, కావాలనే అలా చేశారు. మంట పుట్టేది గొట్టం పైభాగంలోనే. అక్కడ వేడి ఎక్కువ. వేడికి ఇత్తడి వ్యాకోచిస్తుంది. కింది కన్నా పైన ఎక్కువగా విచ్చుకుంటుంది. ఇంజను పనిచేసే వేడికి చేరేసరికి ఆ ఇరుకు కావలసినంతే మిగులుతుంది. చల్లగా ఉన్నప్పుడే సరిపోయేటట్లు చేసి ఉంటే, వేడెక్కాక వదులై బలం పోయేది.

మరి అలవాటు చేయడం దేనికి? ఎంత నున్నగా కనిపించినా సూక్ష్మదర్శినిలో చూస్తే లోహపు ఉపరితలం మీద మిట్టపల్లాలుంటాయి. మొదటి పరుగుల్లో రెండు ఉపరితలాల మిట్టలు ఒకదానికొకటి ఒరుసుకుని చదునవుతాయి. ఈ ఒరుపు మెల్లగా జరిగితే రెండూ జతకుదురుతాయి. తొందరగా జరిగితే ఘర్షణ వల్ల పుట్టిన వేడికి పిస్టను మీద గీతలు పడతాయి. ఒక్కసారి గీత పడితే దాన్ని పూడ్చే మార్గం లేదు.

ట్యాంకు తర్వాత ట్యాంకు

అలవాటు చేసే పద్ధతి మీద ఆటగాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. పాత పద్ధతివాళ్లు ఇంధనం బాగా ఎక్కువ ఇచ్చి, ఇంజనును చల్లగా ఉంచి, పొగలు కక్కిస్తూ ట్యాంకులకొద్దీ నిలబెట్టి నడపమంటారు. ఇంజనును ముందుగానే వేడిచేసి, పనిచేసే వేడికి దగ్గరగా ఉంచుతూ కొద్దికొద్దిగా నడపమంటారు రెండోవాళ్లు.

నేను రెండో పక్షం. దీనికి కారణం పైన చెప్పుకున్న వ్యాకోచమే. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ గొట్టం విచ్చుకోదు. పిస్టను ప్రతి చుట్టులోనూ ఆ ఇరుకులోకి దూరి బయటపడాలి. ఆ దెబ్బంతా పిస్టనును మోసే కనెక్టింగ్ రాడ్డు మీద పడుతుంది. ఇనుప పిస్టన్లకు నప్పిన అలవాటు ఇత్తడి గొట్టానికి నప్పాలని లేదు. మన డప్పు కళాకారులను చూడండి. డప్పును మంట మీద కాచి, చర్మం బిగిసి గొంతు పలికాకే దరువు మొదలుపెడతారు. ఇంజనుకూ ముందు కాపు కావాలి. హెయిర్ డ్రయ్యరుతో 70, 80 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడిచేస్తే చాలు.

ఆ తర్వాత ఇంధనం కొంచెం ఎక్కువగా ఉండేటట్లు చూసి ఇంజనును మొదలుపెట్టాలి. ఇంధనంలోనే కందెన నూనె ఉందని గుర్తుంచుకోండి. ఇంధనం ఎక్కువంటే నూనె కూడా ఎక్కువన్నమాట. ఇంజను తల దగ్గర వేడి 90, 100 డిగ్రీల ప్రాంతంలో ఉండేటట్లు చూడాలి. ట్రక్కును చదునైన నేల మీద మెల్లగా నడుపుతూ, వేగాన్ని కాసేపు పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ ఉండాలి. పూర్తి వేగం ఇవ్వకూడదు. ట్యాంకు అయిపోవచ్చాక ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. చల్లారేటప్పుడు పిస్టను అడుగున ఉండాలి. పైన ఉంటే, చల్లబడి ముడుచుకునే గొట్టం దాన్ని గట్టిగా పట్టేస్తుంది. మళ్లీ వేడిచేసి మరో ట్యాంకు. ఇలా ఇంజను వెంట వచ్చిన పుస్తకం ఎన్ని ట్యాంకులు చెబితే అన్నీ పూర్తిచేయాలి. ఒక్కటి కూడా ఎగ్గొట్టకూడదు.

చివరి ట్యాంకు దాకా ఆగడం కష్టమే. ట్రక్కు ఎదురుగా ఉంటుంది, రిమోట్ చేతిలో ఉంటుంది, పక్కనున్నవాళ్లు "ఇంకా ఎంతసేపు?" అంటారు. కాని ఈ గంటా రెండు గంటల ఓర్పు ఇంజను ఆయుష్షును నిర్ణయిస్తుంది.

మూడు మరలు, నలుగురు సాక్షులు

ఇక ట్యూనింగ్. కార్బ్యురేటరు మీద ముఖ్యంగా మూడు మరలుంటాయి. ఒకటి ఎక్కువ వేగంలో ఇంధనాన్ని అదుపుచేసే సూదిమర. రెండోది తక్కువ వేగంలో అదుపుచేసే సూదిమర. మూడోది ట్రక్కు నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆగిపోకుండా కొద్దిగా గాలి వదిలే మర. సూదిమరను కుడివైపు బిగిస్తే ఇంధనం తగ్గుతుంది. దీన్ని మెకానిక్కులు లీన్ అంటారు. ఎడమవైపు వదులు చేస్తే ఇంధనం పెరుగుతుంది. ఇది రిచ్.

సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నలుగురు సాక్షులను అడగాలి.

మొదటి సాక్షి పొగ. పూర్తి వేగంలో వెనక సన్నటి పొగ తీగలా కనిపిస్తూ ఉండాలి. పొగ అసలు లేకపోతే ఇంధనంతో పాటు నూనె కూడా తగ్గిపోయిందని అర్థం.

రెండో సాక్షి చప్పుడు. ఇంధనం మరీ ఎక్కువైతే ఇంజను గొంతు బొంగురుపోయి, తడబడుతూ పరుగెడుతుంది. తక్కువైతే చప్పుడు సన్నగా, కీచుగా మారుతుంది.

మూడో సాక్షి వేడి. అలవాటైన ఇంజనుకు తల దగ్గర సాధారణంగా 100 నుంచి 125 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. తాకకుండా కొలిచే పరారుణ థర్మామీటరు ఇందుకు పనికొస్తుంది.

నాలుగో సాక్షి ఇంధనపు గొట్టం. ఇంజను నిలకడగా తిరుగుతున్నప్పుడు పెద్దవాళ్లు ఆ గొట్టాన్ని నొక్కిపట్టాలి. రెండు మూడు సెకన్ల తర్వాత వేగం కొద్దిగా పెరిగి ఇంజను ఆగితే తక్కువ వేగపు మర సరిగా ఉన్నట్టు. వెంటనే ఆగితే ఇంధనం తక్కువ. చాలాసేపు తిరుగుతూ ఉంటే ఇంధనం ఎక్కువ.

ఒక్క సాక్షి మాట నమ్మి తీర్పు చెప్పకూడదు. మరను తిప్పేటప్పుడు గడియారంలో చిన్నముల్లు ఒక గంటకు జరిగేంత, అంటే చుట్టులో పన్నెండో వంతు తిప్పితే చాలు. తిప్పాక కాసేపు నడిపి, నలుగురు సాక్షులనూ మళ్లీ అడిగి, రాసుకోవాలి. ఒకసారి ఒక మరనే తిప్పాలి. రెండు మరలు ఒకేసారి తిప్పితే వచ్చిన మార్పు ఏ మర వల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? ప్రయోగంలో మిగతావన్నీ స్థిరంగా ఉంచి ఒక్కదాన్నే మార్చాలని పుస్తకంలో చదువుతాం. ఎందుకన్నది ఇక్కడ చేతికి తెలుస్తుంది.

ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద మోసం ఒకటుంది. ఇంధనం తగ్గిస్తూ పోతే ట్రక్కు వేగం పెరుగుతూ పోతుంది. ఇంకొంచెం బిగిస్తే ఇంకొంచెం వేగం. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. కాని లోపల నూనె కరువవుతూ, వేడి పెరుగుతూ ఉంటుంది. ఇంజను అద్భుతంగా పరుగెడుతున్నట్టు కనిపించే ఆ క్షణం తర్వాత అది పట్టేసే క్షణం ఎంతో దూరంలో ఉండదు. ఒక్క వేగాన్నే చూసేవాడు ఇంజనును పోగొట్టుకుంటాడు. గెలుపు అంకెనే చూడటం అలవాటైన మనందరికీ ఇది మంచి పాఠం.

డిసెంబరు గాలి, మే గాలి

"ఇంత శ్రమ ఎందుకు? మరను ఎన్ని చుట్లు తిప్పాలో పుస్తకంలో ఉంది కదా?" అని మీరు అడగవచ్చు. పుస్తకం చెప్పేది మొదలుపెట్టడానికి మాత్రమే. దాన్ని రాసినవాళ్లకు ఇబ్రహీంపట్నం గాలి తెలియదు.

ఒక లెక్క చేద్దాం. ఇబ్రహీంపట్నం ఉన్న పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రతీరం కన్నా ఐదారు శాతం తక్కువ. ఇప్పుడు ఉష్ణోగ్రత చూడండి. డిసెంబరు ఉదయం చెరువు కట్ట దగ్గర 14 డిగ్రీలు ఉందనుకోండి. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు. వాయువుల లెక్కకు పరమ ఉష్ణోగ్రత కావాలి కాబట్టి 273 కలపండి. 287, 315 వస్తాయి. పీడనం ఒకటే అనుకుంటే గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. 287ను 315తో భాగిస్తే 0.91. అంటే డిసెంబరు ఉదయం ఒక గుక్కలో 100 పాళ్ల గాలి పీల్చే ఇంజను, మే మధ్యాహ్నం 91 పాళ్లే పీలుస్తుంది.

మరి ఏ కాలంలో ఇంజనుకు ప్రమాదం? చాలామంది ఎండాకాలమని చెబుతారు. మళ్లీ ఆలోచించండి. మే నెలలో సరిచేసిన మరలను కదపకుండా డిసెంబరు ఉదయం నడిపితే ఏమవుతుంది? గాలి దాదాపు పదిశాతం ఎక్కువగా లోపలికి వస్తుంది. ఇంధనం ఆ మేరకు పెరగదు. మిశ్రమం లీన్ అవుతుంది. చలిగాలిలో హాయిగా ఉందనుకున్న ఇంజనే పట్టేసే ప్రమాదంలో ఉంటుంది!

ఇంకో చిక్కు కూడా ఉంది. తల వేడి 110 డిగ్రీలు ఉందనుకోండి. మే మధ్యాహ్నం గాలికీ ఇంజనుకూ తేడా 68 డిగ్రీలు. డిసెంబరులో 96 డిగ్రీలు. తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత త్వరగా బయటికి పోతుందని న్యూటన్ శీతలీకరణ నియమం చెబుతుంది. కాబట్టి మే నెలలో 110 చూపే ఇంజనూ, డిసెంబరులో 110 చూపే ఇంజనూ ఒకే స్థితిలో లేవు. రెండోది లోపల ఎక్కువ వేడిని పుట్టిస్తోంది. థర్మామీటరు అబద్ధం చెప్పలేదు. మనం దాన్ని సగమే చదివాం. అందుకే నోటుపుస్తకంలో ఇంజను వేడి పక్కనే గాలి వేడి కూడా రాయాలి.

ఇది ఆటేనా?

ఇబ్రహీంపట్నానికి దగ్గరలోనే ఆదిబట్ల ఉంది. అక్కడి టాటా బోయింగ్ కర్మాగారంలో తయారైన మొదటి అపాచీ హెలికాప్టరు నడుము భాగం 2018లో బయటికి వెళ్లింది. సి-130జె విమానం తోకభాగాలూ, లీప్ జెట్ ఇంజన్లకు కావలసిన భాగాలూ ఆదిబట్లలో తయారవుతున్నాయి. చుట్టుపక్కల ఇంజనీరింగు కళాశాలలు ఎన్నో ఉన్నాయి. ఇంత దగ్గరలో ఇంత పని జరుగుతుంటే, ఈ ప్రాంతపు బడిపిల్లలకు ఇంజను పటం మాత్రమే తెలిసి, ఇంజను తెలియకపోవడం న్యాయమా?

కొత్త జెట్ ఇంజనును కూడా విమానానికి బిగించే ముందు పరీక్షా కేంద్రంలో నడిపి చూస్తారు. ఆ రోజు గాలి పీడనం, ఉష్ణోగ్రత నమోదుచేసి, 15 డిగ్రీల సెంటీగ్రేడు, 1013.25 మిల్లీబార్లు ఉన్న ప్రామాణిక వాతావరణంలో అదే ఇంజను ఎంత శక్తి ఇస్తుందో సవరించి లెక్కకడతారు. మనం చెరువు కట్ట దగ్గరి గాలికి వేసిన లెక్క ఆ పెద్ద లెక్కకు తమ్ముడే.

నా మాటకు అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. మొదటిది, ఇంధనం విషం, పొగ మంచిది కాదు అన్నది. నిజమే. అందుకే ప్రతి పిల్లవాడూ ఒక నైట్రో ట్రక్కు కొనుక్కోవాలని నేను అనడం లేదు. అలా కొనిపించడం తప్పు కూడా. ఒక మండలానికి ఒక ఇంజను, బాధ్యత తెలిసిన ఒక అధ్యాపకుడు, ఆరుబయట ఒక స్థలం చాలు.

రెండోది, విద్యుత్ ట్రక్కులు వచ్చేశాయి, ఇంకా పాత ఇంజనెందుకు అన్నది. ఆడుకోవడానికైతే విద్యుత్ ట్రక్కే మేలు. చప్పుడు తక్కువ, పొగ లేదు, విషం లేదు. కాని నేర్చుకోవడానికి నైట్రో ఇంజను మేలు. అది తన లోపాన్ని పొగగా చూపిస్తుంది, చప్పుడుగా వినిపిస్తుంది, వేడిగా తెలియజేస్తుంది. రేపు మీరు చేపట్టే యంత్రం బ్యాటరీది కావచ్చు, మరొకటి కావచ్చు. ఒకసారి ఒక్కదాన్నే మార్చడం, ఆగి చూడటం, రాసుకోవడం అన్ని యంత్రాలకూ పనికొచ్చే అలవాట్లు.

మూడోది, పరీక్షల్లో దీనికి మార్కులు లేవు కదా అన్నది. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. లేకపోవడం పరీక్షల లోపమనుకుంటాను.

ఏం చేయవచ్చు?

ఇంజనీరింగు కళాశాలల మెకానికల్ శాఖల్లో ఇంజన్ల ప్రయోగశాలలుంటాయి. నెలకు ఒక శనివారం దగ్గరలోని హైస్కూళ్ల పిల్లలకు అవి తలుపులు తెరవాలి. కళాశాల విద్యార్థులు, అధ్యాపకులు ఇంధనాన్నీ మరలనూ చూసుకోవాలి. చెవులకు రక్షణ పెట్టుకుని, దూరంగా నిలబడి, మీరు కొలవాలి. ఒక జట్టు ఇంజను వేడి, ఒక జట్టు గాలి వేడి, ఒక జట్టు ట్యాంకు ఎన్ని నిమిషాలు వచ్చిందో రాయాలి. డిసెంబరులో ఒకసారి, మే సెలవులకు ముందు ఒకసారి చేసి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మీ సైన్సు మాస్టారితో కలిసి ఇందుకు ఒక ఉత్తరం రాయండి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.

అంతదాకా ఊరకే కూర్చోనక్కర్లేదు. మీ ఊళ్లో పొలానికి మందుకొట్టే తైవాన్ స్ప్రేయరు ఉంటుంది. రెండు స్ట్రోకులదైతే అది కూడా ఈ ఇంజనుకు అన్న లాంటిదే. పెట్రోలులో నూనె కలిపే పాళ్లు దాని మూత మీదో పుస్తకంలోనో ఉంటాయి. 25కు 1 అని ఉంటే ఒక లీటరు పెట్రోలుకు ఎన్ని మిల్లీలీటర్ల నూనె? 50కి 1 అయితే ఎంత? రైతు నిజంగా ఎంత పోస్తున్నాడో అడిగి తెలుసుకోండి. కొత్తగా కొన్నప్పుడు మొదటి రోజుల్లో ఎలా నడిపాడో కూడా అడగండి. మెకానిక్కు దగ్గరికి వెళ్లి, పట్టేసిన పిస్టను ఒకటి ఉంటే చూపించమనండి. దాని మీది గీతలను వేలితో తడిమి చూడండి. ఆ గీతలు ఏ వైపు ఎక్కువగా ఉన్నాయి, ఎందుకు అయి ఉంటుందో మీ జట్టులో చర్చించి, నోటుపుస్తకంలో మొదటి పేజీ అక్కడి నుంచే మొదలుపెట్టండి.